గిరాకీ కరిగిపోతున్నప్పుడు సంస్థను దాటించడం ఎలా? ఫ్యూజీఫిల్మ్ చేసిన పని ఆధారంగా ఒక సమగ్ర మార్గదర్శి

2000వ సంవత్సరంలో ప్రపంచమంతటా కలర్ ఫిల్మ్ గిరాకీ శిఖరాన ఉంది. మన పెళ్లిళ్లలోనూ అంతే. ఫొటోగ్రాఫర్ సంచిలో పసుపు డబ్బా ఉంటే కొడాక్, ఆకుపచ్చ డబ్బా ఉంటే ఫ్యూజీ. పదేళ్లు తిరిగేసరికి ఆ గిరాకీలో పదో వంతు కూడా మిగల్లేదు. జర్మనీలో ఆగ్ఫా ఫొటో 2005లో చేతులెత్తేసింది. కోనికా మినోల్టా 2006లో కెమెరాలు, ఫిల్మ్ రెండింటి నుంచీ తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. కొడాక్ 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది. జపాన్‌కు చెందిన ఫ్యూజీ మాత్రం నిలబడింది. అది కూడా అమ్మకాల్లో దాదాపు 60 శాతం, లాభాల్లో మూడింట రెండు వంతులు ఫొటో వ్యాపారం నుంచే వస్తున్న స్థితిలో దెబ్బ తిని నిలబడింది.

కొడాక్‌కి డిజిటల్ గురించి తెలియక మునిగిందని వాట్సాప్‌లో ఒక కథ తిరుగుతుంటుంది. అది నిజం కాదు. 1975లో మొదటి డిజిటల్ కెమెరా నమూనా తయారు చేసింది కొడాక్ ఇంజనీరు స్టీవ్ సాసనే. 2005లో అమెరికాలో డిజిటల్ కెమెరాల అమ్మకాల్లో ముందున్నదీ ఆ కంపెనీయే. చిక్కు ఎక్కడొచ్చిందంటే, కెమెరా ఒకసారి అమ్మితే అయిపోతుంది. ఫిల్మ్, కాగితం, కెమికల్స్ మీద నెలనెలా వచ్చే లాభం కెమెరాలో లేదు. కొత్త టెక్నాలజీని అందుకున్నారు, కానీ పాత లాభాన్ని అది పూడ్చలేదు.

కాబట్టి మార్పు వస్తోందని కనిపెట్టడం ఈ పనిలో తేలికైన భాగం. పాత వ్యాపారం ఇంకా డబ్బు తెచ్చిపెడుతున్నప్పుడే ఆ డబ్బునీ, మనుషుల్నీ, పనితనాన్నీ వేరే చోటికి మళ్లించడం అసలు కష్టం. ఈ వ్యాసం ఆ మళ్లింపు గురించి. ఇరవై మంది నుంచి కొన్ని వందల మంది వరకు పనిచేసే సంస్థను నడుపుతున్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ప్రింటింగ్ ప్రెస్ కావచ్చు, డిస్ట్రిబ్యూషన్ ఏజెన్సీ కావచ్చు, ఏఐ వల్ల ఆర్డర్లు తగ్గుతున్న బీపీవో కావచ్చు. చేతికందే ఉదాహరణ ఒకటి ఉండాలి కాబట్టి ఫ్యూజీతో పాటు, జిల్లా కేంద్రంలో ఒకప్పుడు చుట్టుపక్కల స్టూడియోలన్నిటికీ ప్రింట్లు వేసిచ్చిన కలర్ ల్యాబ్‌ను ఊహించుకుందాం.

మొదటి అంచె: ఇది మందగమనమా, కరిగిపోవడమా తేల్చుకోండి

మొత్తం టర్నోవర్ చూసి నిర్ణయానికి రాకండి. రేట్లు పెంచుకుంటూ పోతే సరుకు తగ్గినా టర్నోవర్ నిలకడగానే కనిపిస్తుంది. టాలీలోంచి గత మూడేళ్ల బిల్లులు తీసి మూడు అంకెలు వేరు చేయండి: నెలకు ఎంతమంది కస్టమర్లు, ఒక్కొక్కరి సగటు బిల్లు ఎంత, వాళ్లలో కొత్తవాళ్లెందరు. పాతవాళ్లు విడిచిపెట్టకుండా వస్తూనే తక్కువ కొంటుంటే, కొత్తవాళ్లు, ముఖ్యంగా కుర్రకారు, అసలు రావడం మానేస్తే అది కరిగిపోవడమే.

పోల్చేటప్పుడు మన దగ్గర ఒక మెలిక ఉంది. పెళ్లిళ్ల మీద ఆధారపడ్డ వ్యాపారాల్లో ఫిబ్రవరిని పోయినేడాది ఫిబ్రవరితో పోలిస్తే లెక్క తప్పుతుంది. మూఢం, అధిక మాసం ఎక్కడ పడ్డాయో చూసి, ముహూర్తాలున్న రోజుల లెక్కన పోల్చాలి. ముహూర్తాలు లేని సీజన్ చూసి భయపడి మిషన్లు అమ్ముకోవడం ఎంత తప్పో, ముహూర్తాలు దండిగా ఉన్న ఏడాది చూసి ధైర్యం తెచ్చుకోవడం కూడా అంతే తప్పు.

ఇంకా నికరమైన పరీక్ష ఒకటుంది. మీ పోటీదారు ఎవరైనా షట్టర్ దించేశారా? దించితే వాళ్ల గిరాకీ మీ దగ్గరికి వచ్చిందా? రాలేదంటే ఆ గిరాకీ ఊళ్లోంచే వెళ్లిపోయిందని అర్థం. అలాగే రేటు 15 శాతం తగ్గించి చూడండి. అప్పటికీ సరుకు కదలకపోతే జబ్బు రేటులో లేదు.

రెండో అంచె: ఎన్నాళ్ల టైముందో కాగితం మీద పెట్టండి

ఫిల్మ్ గిరాకీ గట్టిగా పడిన సంవత్సరాల్లో ఏడాదికి 20 నుంచి 30 శాతం చొప్పున పడింది. ఈ అంకె వినడానికి అంత భయంకరంగా ఉండదు. వేసి చూస్తే తెలుస్తుంది: ఏడాదికి 25 శాతం చొప్పున తగ్గితే 100 రూపాయల వ్యాపారం మొదటి ఏడాది 75, తర్వాత 56, 42, నాలుగో ఏడాదికి 32. అద్దె, కరెంటు మినిమం ఛార్జీ, ఈఎంఐలు, జీతాలు మాత్రం తగ్గవు.

మీ నెలసరి కదలని ఖర్చు ఒక గీతగా గీయండి. దాని మీద మీ రాబడికి మూడు తరుగుదల గీతలు: ఏడాదికి 10, 20, 30 శాతం. తరుగుదల గీత ఖర్చు గీతను ఎక్కడ దాటి కిందికి పోతుందో ఆ నెలే మీ గడువు. నా సలహా, మధ్య గీతను నమ్మి, అందులోంచి ఆరు నెలలు తీసేయండి. ఎందుకంటే పడిపోవడం చివర్లో వేగం పుంజుకుంటుంది. ల్యాబులు మూతపడుతుంటే కెమికల్స్ సరఫరా చేసేవాడు కూడా ఊరికి రావడం తగ్గిస్తాడు, సర్వీస్ ఇంజనీరు దొరకడు, స్పేర్ పార్టు రేటు పెరుగుతుంది.

ఈ లెక్క చేతికొచ్చిన రోజు నుంచే మూడు పనులు ఆపేయాలి. పాత లైను మీద కొత్త లోన్లు. ఆ గడువు దాటి పోయే లీజులు. పాత పనికి కొత్త పర్మినెంట్ నియామకాలు. ఈ మూడింటికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ చెప్పనక్కర్లేదు కూడా. అందుకే ముందు ఇవే చేయాలి.

మూడో అంచె: ఏం అమ్ముతున్నారో పక్కన పెట్టి, ఏం చేయగలరో రాయండి

ఈ అంచె మీద ఎక్కువ సేపు ఆగుతాను. చాలా సంస్థలు తూతూమంత్రంగా కానిచ్చేది దీన్నే.

షిగెటాకా కొమోరి 2000లో ఫ్యూజీకి అధ్యక్షుడయ్యాడు, 2003లో సీఈవో అయ్యాడు. ఆయన హయాంలో కంపెనీ తన టెక్నాలజీలన్నిటినీ ఒక్కొక్కటిగా బయటికి తీసి జాబితా రాయించింది. ఏడాదికి పైగా పట్టిన పని అది. ఆ జాబితాలో ఏముందో అర్థం కావాలంటే ఫిల్మ్‌ను దగ్గరగా చూడాలి. వెంట్రుక మందం కంటే పలచటి పూతలో సుమారు ఇరవై పొరలు, వాటిల్లో వంద వరకు రసాయనాలు. పొరలన్నిటినీ పట్టి ఉంచేది జెలటిన్. జెలటిన్ వచ్చేది కొల్లాజెన్ నుంచి, మన చర్మానికి బిగువునిచ్చేదీ ఆ కొల్లాజెనే. ఫొటో రంగు వెలిసిపోవడానికి కారణం ఆక్సీకరణం, చర్మం ముదరడంలోనూ దాని చేయి ఉంది. దాన్ని అడ్డుకునే పదార్థాల మీద ఫ్యూజీ దశాబ్దాలుగా పనిచేసింది. పదార్థాలను అతి సూక్ష్మమైన కణాలుగా చేసి పొరలో నిలపడం దానికి రోజువారీ పని. ఇవన్నీ కలిపితే చర్మ సౌందర్య సాధనం అవుతుంది. 2007లో ఆస్టాలిఫ్ట్ పేరుతో అదే మార్కెట్లోకి వచ్చింది.

పొరలన్నిటికీ కింద ఆధారంగా ఉండే పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు ఒకటుంది, ట్యాక్ ఫిల్మ్ అంటారు. ఎల్‌సీడీ తెరల్లో కాంతిని ఒకే దిశలో వడగట్టే పోలరైజర్ అనే పొరకు రక్షణగా అదే కావాలి. టీవీలు, ల్యాప్‌టాప్‌లు పలచబడుతున్న రోజులవి. ఫ్యూజీ దానికోసం క్యుషు దీవిలో కొత్త ఫ్యాక్టరీలు కట్టి 10,000 కోట్ల యెన్‌లకు పైగా పెట్టింది. ఫిల్మ్ చనిపోతుంటే ఫిల్మ్ కింది షీటు బతికించింది.

ఇప్పుడు మన కలర్ ల్యాబ్ సంగతి. ఓనర్‌ను అడిగితే 'మేం ప్రింట్లు వేస్తాం' అంటాడు. ప్రింట్ల పనే కదా పోతున్నది, ఆ సమాధానంతో దారి దొరకదు. మిషన్ దగ్గర కూర్చున్న ఆపరేటర్‌ను అడగండి, రోజంతా ఏం చేస్తావని. పెళ్లికూతురి మొహాన పసుపు, పైన వీడియో లైటు పసుపు, రెండూ కలిసి నెగటివ్‌లో మొహం మరీ పచ్చగా పడుతుంది. ఆ పచ్చదనం తగ్గిస్తే పట్టుచీర జరీ వెలిసినట్టవుతుంది. మొహం నిండుగా ఉండాలి, జరీ మెరవాలి. ఎక్కడ ఆపాలో ఆయన కంటికి తెలుసు. అది ఒక పనితనం. ఫిల్మ్ కడిగే ద్రావణాన్ని, అంటే డెవలపర్‌ను, రోజంతా 37.8 డిగ్రీల దగ్గర కదలకుండా ఉంచడం ఇంకో పనితనం. మండలాల్లోని స్టూడియోల నుంచి ఆర్టీసీ బస్సులో సాయంత్రం వచ్చిన కవర్లను రాత్రికి రాత్రి పూర్తి చేసి పొద్దున్న బస్సుకు ఎక్కించడం మూడోది. అన్నిటికంటే విలువైనది గల్లాపెట్టె పక్కనున్న ఖాతా పుస్తకం. చుట్టుపక్కల ఏ స్టూడియోవాడు మాట మీద నిలబడతాడో, ఎవడికి పదివేలకు మించి అరువు ఇవ్వకూడదో అందులో ఉంది.

ఇప్పుడు రాసుకోండి: కలర్ తీర్పు, కచ్చితమైన ప్రాసెస్, ఒక్క రాత్రిలో డెలివరీ, స్టూడియోలతో నమ్మకం. ఇందులో 'ప్రింట్' అన్న మాట ఎక్కడా లేదు చూడండి. డిజిటల్ వచ్చాక కరిజ్మా ఆల్బమ్‌ల డిజైను, బైండింగ్ వైపు మళ్లిన ల్యాబులు మొదటి, మూడో, నాలుగో పనితనాలను వెంట తీసుకెళ్లినట్టే. రెండోదానికి పని లేకుండా పోయింది. అది కూడా జరుగుతుంది, దాన్ని ఒప్పుకోవాలి.

మీ దగ్గర ఇది చేయడానికి పద్ధతి:

- పని చేసే చేతుల్ని పిలవండి, మేనేజర్లను కాదు. ఒక్కో విభాగం నుంచి ఇద్దరు, ఒకరు పాతకాపు, ఇంకొకరు చేరి రెండేళ్లయినవారు.
- 'నువ్వు లేని రోజు ఏ పని చెడిపోతుంది?' అని అడగండి. పదవి పేరు అడిగితే పనితనం బయటపడదు.
- ప్రతి పనితనం పక్కన ఇంకెవరికి అది అవసరమో రాయండి. మీ రంగంలోనే ఉండాలని లేదు.
- కస్టమర్లలో నలుగురిని విడిగా అడగండి, మా దగ్గరికే ఎందుకొస్తున్నారని. వాళ్లు చెప్పే కారణం మీ బోర్డు మీద రాసి ఉండదు.

తర్వాత కాగితాన్ని నాలుగు గదులు చేయండి. ఉన్న పనితనంతో ఉన్న మార్కెట్, ఉన్న పనితనంతో కొత్త మార్కెట్, కొత్త పనితనంతో ఉన్న మార్కెట్, రెండూ కొత్తవి. ఫ్యూజీ కూడా ఇలాగే నాలుగు గదుల పటం వేసుకుంది. చిన్న సంస్థకు నాలుగో గది జోలికి పోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. రియల్ ఎస్టేట్ బాగుందని ప్రెస్ ఓనర్లు ప్లాట్లు కొనడం ఆ నాలుగో గదే. కలిసొస్తే అది ఓనర్ అదృష్టం. ప్రెస్సులో పనిచేసే పదిహేను మందికి దానివల్ల ఒరిగేదేమీ లేదు.

నాలుగో అంచె: పందెం ఎంచుకోవడం

జాబితాలో పది ఆలోచనలు వస్తాయి. వడపోతకు మూడు ప్రశ్నలు చాలు. ఆ మార్కెట్ పెరుగుతోందా? మన పనితనానికి అక్కడ విలువుందా? ఐదేళ్ల తర్వాత కూడా పోటీలో నిలబడగలమా? మూడోదే గట్టి జల్లెడ. మొదటి రెండూ దాటి మూడో దాని దగ్గర పడిపోయేవే ఎక్కువ.

'వేరే వ్యాపారాల్లోకి విస్తరించండి' అన్న సలహాను గుడ్డిగా పట్టుకోవద్దు. కొడాక్ ఆ పని ఫ్యూజీ కంటే ముందే చేసింది. 1988లో స్టెర్లింగ్ డ్రగ్ అనే మందుల కంపెనీని 510 కోట్ల డాలర్లు పెట్టి కొంది. 1994లో దాన్ని ముక్కలుగా అమ్మేసింది. అదే ఏడాది తన రసాయనాల విభాగాన్ని వేరే కంపెనీగా విడదీసింది. 2007లో వైద్య పరికరాల విభాగాన్నీ అమ్మింది. అంటే ఫిల్మ్ పడిపోయాక ఆసరా అయ్యేవి ఒక్కొక్కటే చేయి జారాయి. ఫ్యూజీ కూడా మందుల్లోకి వెళ్లింది. అయితే మందుల పరిశోధన తెలిసిన టొయామా కెమికల్‌ను 2008లో కొనుక్కుంది. ఆ కంపెనీ తయారు చేసిన ఫావిపిరావిర్‌ను, ఎవిగాన్ పేరుతో, 2020లో కోవిడ్ రోజుల్లో మన దేశంలో అమ్మింది హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్. కోవిడ్‌కు ఆ మందు ఎంతవరకు పనిచేసిందన్నది వేరే చర్చ. ఆకుపచ్చ డబ్బాలో రీలు అమ్మిన కంపెనీ మందు మాత్ర హైదరాబాద్ ద్వారా మన మెడికల్ షాపులకు చేరిందన్నది మాత్రం నిజం.

డబ్బు విషయానికొస్తే, ఒక పెద్ద పందెం, రెండు చిన్నవి. పెద్దదానికి సగం సగం డబ్బు పెట్టడం దండగ. ఫ్యూజీ ట్యాక్ ఫిల్మ్ మీద భయపడుతూ చిన్న లైను వేసి ఉంటే పెద్ద టీవీ కంపెనీలు దాన్ని నమ్మేవి కావు. చిన్నవాటికి మాత్రం పోయినా జీతాలు ఆగనంత సొమ్మే కేటాయించండి. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి మొదలుపెట్టే పందేన్ని ఈ లెక్కలో వేయను.

ఐదో అంచె: పాతదాన్ని తగ్గించడం

ఇక్కడే నాయకులు జారుకుంటారు. కొత్తదాని ప్రారంభోత్సవానికి రిబ్బన్ కత్తిరిస్తారు. పాతదాన్ని తగ్గించే పని మేనేజర్ మీదికి తోసేస్తారు.

2006 జనవరిలో ఫ్యూజీ ఫొటో విభాగంలో ఐదు వేల ఉద్యోగాలు తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. మొత్తం పునర్వ్యవస్థీకరణకు 20,000 కోట్ల యెన్‌ల వరకు ఖర్చు పెట్టింది. మనుషుల్ని తగ్గించడం పొదుపు అనుకుంటాం. చేసే ఏడాది అది భారీ ఖర్చు. ఆ ఖర్చు భరించే శక్తి పాత వ్యాపారం లాభాల్లో ఉన్నప్పుడే ఉంటుంది. ఆలస్యం చేసిన కంపెనీలు మనుషుల్ని ఖాళీ చేతులతో పంపడానికి అసలు కారణం ఇదే.

నెలకో ఇద్దరిని తీసేయడం కంటే ఒకేసారి చేయడం మేలు. నెలనెలా తీస్తుంటే మిగిలినవాళ్లు పని మానేసి తర్వాత ఎవరా అని చూస్తుంటారు. వాళ్లలో చేయి తిరిగినవాళ్లకు బయట ఉద్యోగం ముందు దొరుకుతుంది కాబట్టి వాళ్లే ముందు వెళ్లిపోతారు.

చట్టం వైపు కొన్ని సంగతులు. ఏడాదికి పైగా పనిచేసిన కార్మికుణ్ణి పని తగ్గిందని తొలగిస్తే నెల రోజుల నోటీసు లేదా ఆ నెల జీతం ఇవ్వాలి. పూర్తయిన ప్రతి సర్వీసు సంవత్సరానికి 15 రోజుల సగటు వేతనం పరిహారం. ఐదేళ్లు నిండినవాళ్లకు గ్రాట్యుటీ దీనికి అదనం. ఒకే రకం పనివాళ్లలో సాధారణంగా చివర చేరినవారిని ముందు తీయాలి. వేరేగా చేస్తే కారణం కాగితం మీద ఉండాలి. 2025 నవంబరు 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, పెద్ద సంస్థలకు ప్రభుత్వ అనుమతి నిబంధనలూ ఉన్నాయి. కాబట్టి లిస్టు రాయకముందే లేబర్ లాయర్ని కలవండి. లిస్టు రాశాక కలిస్తే ఆయన చేయగలిగింది తక్కువ.

చట్టం చెప్పింది కనీసం. మరో ఆరు నెలలకు ఆరోగ్య బీమా కొనివ్వడం, పాత మిషన్ ఎవరికైనా అమ్మితే ఆపరేటర్‌ను కూడా తీసుకోమని అడగడం, ఊళ్లో తెలిసినవాళ్లకు స్వయంగా ఫోన్ చేయడం, ఇవి పెద్ద ఖర్చులు కావు. ఉండిపోయేవాళ్లు ఇవన్నీ గమనిస్తారు. రేపు తమ వంతు వస్తే ఎలా ఉంటుందో వాళ్లకు అక్కడే తెలుస్తుంది.

ఆరో అంచె: చెప్పడం

మీరు చెప్పకపోతే టీ కొట్టు దగ్గర చెబుతారు. ఓనర్ కొడుకు అమెరికా వెళ్లిపోతున్నాడని, బిల్డింగు అమ్మేశారని, ఏదో ఒకటి.

వరుస ముఖ్యం. ముందు సూపర్‌వైజర్లు, అదే రోజు సాయంత్రంలోపు అందరూ, మర్నాడు పొద్దున పెద్ద కస్టమర్లు, సప్లయర్లు, బ్యాంకు మేనేజరు. ఈ మొత్తం రెండు రోజుల్లో అయిపోవాలి. కన్సల్టెంటు చేత చెప్పించకండి. స్లైడ్లు వద్దు.

మన ల్యాబు ఓనర్ మాట్లాడితే ఇలా ఉండొచ్చు:

'మన ప్రింట్ల పని మూడేళ్లలో సగమైంది. ఇది మళ్లీ పెరగదు. ఈ లైను ఇంకో ఏడాదిన్నర నడుపుతాం, తర్వాత ఆపేస్తాం. ఆల్బమ్ పని మొదలుపెడుతున్నాం. ఇక్కడ పద్నాలుగు మందిమి ఉన్నాం, కొత్త పనిలో తొమ్మిది మందికి చోటుంది. ఎవరి సంగతేంటో ఈ నెలాఖరులోపు ఒక్కొక్కరితో కూర్చుని నేనే చెబుతాను. వెళ్లేవాళ్లకు ఎంత ముడుతుందో కాగితం మీద రాసిస్తాను. అందాకా జీతాలు ఒకటో తారీఖునే పడతాయి. కొత్త మిషన్ ఎప్పుడొస్తుందో నాకింకా తెలీదు. తెలిసిన రోజే చెబుతా.'

ఇందులో ఐదు ఉన్నాయి: ఏం పోతోంది, ఎప్పటికి, ఏం వస్తోంది, ఎవరి సంగతి ఎప్పుడు తేలుతుంది, ఏది ఇంకా తెలీదు. 'మనమంతా ఒక కుటుంబం' అన్న మాట లేదు. ఐదుగురిని పంపబోతున్న రోజు ఆ మాట అంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

తర్వాత వెనక వరసలోంచి ప్రశ్న వస్తుంది. 'సార్, నాకు నలభై ఎనిమిది. ఇప్పుడు కంప్యూటర్ నేర్చుకోమంటే ఎలా సార్?' దీనికి అందరి ముందూ మెత్తగా, సూటిగా జవాబివ్వాలి. 'అన్నా, కలర్ చూసే కన్ను నీది. మౌస్ పట్టుకోవడం మన కుర్రాడు నేర్పిస్తాడు. ఆరు నెలలు ఇదే జీతం. అప్పటికీ కుదరకపోతే మళ్లీ కూర్చుందాం, వెళ్లేవాళ్లకు ఇచ్చే లెక్కే నీకూ వర్తిస్తుంది.' ఈ ఒక్క జవాబు విని మిగతా పదముగ్గురు తమ టెన్షన్ ఎంత పెట్టుకోవాలో తేల్చుకుంటారు.

ఏడో అంచె: కొత్త పనికి చోటు, మనుషులు

కొత్త పనిని పాత మేనేజర్ చేతికిచ్చి 'ఇది కూడా చూసుకో' అంటే అది చావడం ఖాయం. అతనికి సీజన్లో ప్రింట్ల ఆర్డర్లు ఒకవైపు, ఇంకా పైసా తీసుకురాని ఆల్బమ్‌లు ఒకవైపు. ఏది ముందు చూస్తాడో చెప్పక్కర్లేదు. అతని తప్పు కూడా కాదు, అతని ఇన్సెంటివ్ ప్రింట్ల మీదే ఉంది మరి.

ఫ్యూజీ 2006లో కనగావా ప్రాంతంలోని కైసెయ్‌లో కొత్త పరిశోధనాలయం తెరిచి, వేర్వేరు విభాగాల శాస్త్రవేత్తలను ఒకే కప్పు కిందికి తెచ్చింది. అదే ఏడాది హోల్డింగ్ కంపెనీగా మారి, పేరులోంచి 'ఫొటో' అన్న మాట తీసేసింది. మీరు బిల్డింగు కట్టనక్కర్లేదు. వేరే గది, వేరే బ్యాంకు ఖాతా, ఆ పని తప్ప ఇంకేదీ చూడని ఒక మనిషి ఉంటే చాలు. ఆ మనిషి సంస్థలో గట్టివాడై ఉండాలి. ఖాళీగా ఉన్నాడని ఎవరినో అక్కడ కూర్చోబెడితే కొత్త పని విలువ ఎంతో అందరికీ అర్థమైపోతుంది.

మధ్య స్థాయి మేనేజర్ల గురించి రెండు మాటలు. మార్పుకు అడ్డుపడేది వీళ్లేనని తిట్టడం అందరికీ అలవాటు. కింది నుంచి కోపం, పై నుంచి టార్గెట్లు, రెండూ వాళ్ల మీదే పడతాయి. పైగా ఇరవై ఏళ్లుగా సంపాదించిన పట్టు విలువ లేకుండా పోతోంది. వాళ్లతో విడిగా కూర్చుని కొత్త చోట వాళ్ల కుర్చీ ఏదో ముందే తేల్చాలి. కుర్చీ లేకపోతే లేదని కూడా ముందే చెప్పాలి. ఏ సంగతీ తెలియని మేనేజర్ చేసే నష్టం, వెళ్లిపోతున్నానని తెలిసిన మేనేజర్ చేయడు.

ఎనిమిదో అంచె: వారం వారం ఏం చూడాలి

ఇది చిన్న అంచె. పాతదానికి, కొత్తదానికి ఒకే కొలబద్ద పెట్టకండి. పాత లైనులో చేతికొచ్చిన నగదు చూడండి. కొత్తదానిలో మొదటి ఏడాది లాభం అడగకండి. మళ్లీ వచ్చిన కస్టమర్లు ఎందరో అడగండి. ఒకసారి మొహమాటానికి ఆర్డరిస్తారు, రెండోసారి ఇచ్చారంటే పని నచ్చినట్టు.

ప్రతి పందేనికీ మొదలుపెట్టే రోజే ఆపే షరతు రాసి సంతకం చేయండి: 'ఫలానా తేదీకి ఇంతమంది రెండోసారి ఆర్డర్ ఇవ్వకపోతే ఆపేస్తాం.' ఆ కాగితం ఓనర్ దగ్గర కాక అకౌంటెంట్ దగ్గర ఉండాలి. మీ క్యాలెండర్ కూడా తీసి చూడండి. వారంలో సగం రోజులైనా కొత్త పనికి పోవడం లేదంటే మీరు అందరికీ చెబుతున్నది ఒకటి, చేస్తున్నది ఒకటి.

పాతదాంట్లో బతికే ముక్కను గుర్తుపట్టడం

తగ్గించడం మొదలుపెట్టాక చేయి ఆగదు, అన్నీ కోసేయాలనిపిస్తుంది. ఫ్యూజీ ఇన్‌స్టాక్స్ అనే తక్షణ కెమెరాను 1998లో తెచ్చింది. 2002లో దాదాపు పది లక్షలు అమ్మింది, రెండు మూడేళ్లలో అది లక్ష దాకా పడిపోయింది. లెక్క ప్రకారం మూసేయాలి. మూయలేదు. తర్వాత ఫోన్‌లో వేలకొద్దీ ఫొటోలున్న కుర్రకారుకే చేతిలో పట్టుకునే ఒక్క ఫొటో ముచ్చటైంది. 2018-19లో ఆ కెమెరాలు కోటి అమ్ముడుపోయాయి. మరోవైపు సినిమా చిత్రీకరణకు వాడే నెగటివ్ తయారీని 2013లో ఆపేసింది. రెండూ ఫిల్మ్ కుటుంబానివే.

ఏది ఉంచాలి, ఏది తీయాలి? ఇన్‌స్టాక్స్‌ను నిలబెట్టి ఉంచడానికి పెద్దగా ఖర్చు కాలేదు, దానికి కొత్త కొనుగోలుదారు ఉన్నాడు. సినిమా ఫిల్మ్‌కు నడిపే ఖర్చు ఎక్కువ, కొనేవాళ్లు సినిమాలు తీసేవాళ్లు, వాళ్లలో ఎక్కువమంది డిజిటల్‌కు వెళ్లిపోయారు. మీ పాత లైన్లలో చవగ్గా కొనసాగించగలిగి, కొత్త ముఖాలు ఒకటీ అరా కనిపిస్తున్నది ఉంటే దాన్ని చిన్న గదిలోకి మార్చి ఉంచండి. దానికి పెట్టుబడి మాత్రం పెట్టకండి, కనీసం మొదట్లో.

రెండో దెబ్బకు డబ్బు దాచడం

2008 మార్చితో ముగిసిన ఏడాదిలో ఫ్యూజీ అమ్మకాలు 2.8 లక్షల కోట్ల యెన్‌లు దాటి అప్పటికి రికార్డు. గండం గట్టెక్కిందనుకున్నారు. ఆరు నెలలకే అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ కూలింది, ప్రపంచమంతా కొనుగోళ్లు ఆగాయి, యెన్ విలువ పెరిగి ఎగుమతులు దెబ్బతిన్నాయి. కంపెనీ మళ్లీ రెండో విడత కోతలకు దిగాల్సి వచ్చింది.

అందుకని మార్పు బడ్జెట్‌లో ఒక అంకె వేరుగా రాసుకోండి: అమ్మకం ఒక్క రూపాయి రాకపోయినా ఎన్ని నెలలు జీతాలు ఇవ్వగలరు. కొత్త పని గాడిన పడ్డాక కూడా ఆ డబ్బు ముట్టుకోవద్దు. మొదటి అంచెలో చెప్పిన మూడు అంకెలు, కస్టమర్లు, సగటు బిల్లు, కొత్తవాళ్లు, ఈసారి కొత్త వ్యాపారానికి వేయడం మొదలుపెట్టండి. ఆల్బమ్‌కు బదులు పెళ్లివాళ్లు వీడియో లింకు ఒక్కటే అడుగుతున్నారా? ఎంతమంది? పోయిన ముహూర్తాల సీజన్లో ఎంతమంది అడిగారు?